చెరువు గట్టున ఒకటి, చేతి మీద ఒకటి

ఆకివీడు దాటి ఉప్పుటేరు వైపు పోవు దారిలో, తెల్లవారుటకు ఇంకను గంటన్నర ప్రొద్దుండగా, ఒక రొయ్యల చెరువు గట్టున నేను నిలుచుంటిని. గాలి లేదు, నీటిపై అల లేదు. చెరువు గల రైతు లుంగీ మోకాళ్లకు పైగా ఎగగట్టి, వెదురు కర్రకు చుట్టిన తీగ చివర బొటనవ్రేలంత మందము గల ఒక కడ్డీని నీటిలోనికి దింపి మెల్లగా అటునిటు ఆడించుచుండెను. రెండవ చేతిలోని చిన్న పెట్టెపై అంకెలు కొంతసేపు తడబడి, 3.4 వద్ద నిలిచినవి. “మూడున్నరకి దిగిపోయిందండి, ఇంకో రెండు తిప్పాలి” అని పలికి అతడు స్విచ్చుల పెట్టె వద్దకు నడచెను. మరునిమిషమున ఏరేటర్ల చక్రములు నీటిని చిలుకుచు తిరుగసాగినవి. చీకటిలో తెల్లని నురుగు మాత్రమే కంటికి కనబడుచుండెను.

ఆ 3.4 అను అంకెకు అర్థము, లీటరు నీటిలో 3.4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియున్నదని. దీనినే రైతులు డీవో అందురు. డెల్టాలో ఏ మేతల దుకాణము ముందు నిలుచున్నను ఈ రెండక్షరములు చెవిని పడును. మనము పీల్చు గాలిలో లీటరునకు ఇంచుమించు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువుండగా, 30 డిగ్రీల వేడిమి గల మంచినీరు గాలితో సరితూగి నిలిచినపుడు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టియుంచజాలదు. ఉప్పు కలిసిన నీటికి ఆ శక్తి మరియు తక్కువ. నీటిలో బ్రతుకు ప్రాణికి ఊపిరి ఎంత కరవైన సంపదయో ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారికి బోధపడును. పగటివేళ నీటిలోని సూక్ష్మమైన పచ్చని ప్లాంక్టన్ సూర్యరశ్మిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలతోను అడుగున కుళ్లుచున్న మేతతోను పోటీపడి, దానిని పీల్చివేయును. కావుననే తెల్లవారుజామున, సూర్యుడు పొడచూపుటకు ముందు, చెరువునకు గండము. మూడు దినములు ముసురు పట్టినచో ఆ గండము రెట్టింపగును. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములున్నచో రొయ్య నిశ్చింతగా మేతకు వచ్చును. మూడునకు దిగినచో నీరసించును. అంతకును దిగినచో గట్టు పట్టును.

“ఆయ్, రొయ్య గట్టు పక్కకొచ్చి తేలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టేనండి. మా నాన్నగారి రోజుల్లో టార్చిలైటు వేసి చూసుకునేవోళ్లం. చూసేటప్పటికి సగం పంట పోయేది” అని ఆ రైతు చెప్పెను. రాత్రంతయు గట్లపై టార్చి వేసికొని తిరిగిన ఆ తండ్రి కన్నును నేను తక్కువ చేయను. నీటి రంగు, వాసన, చెక్ ట్రేలో మిగిలిన మేత, పిట్టల వాలకము, ఇవన్నియు ఆయనకు అక్షరములే. అయితే ఆయన చదివినది ఫలితమును; కుమారుడు చదువుచున్నది కారణమును. ఆ రెంటికి నడుమ నున్న మూడు నాలుగు గంటల వ్యవధియే ఈ పరికరము రైతునకిచ్చిన సమస్త లాభము.

ఆ కడ్డీ చరిత్ర యొకటి చెప్పవలసియున్నది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఎల్లో స్ప్రింగ్స్ అను చిన్న పట్టణములో లీలాండ్ క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు, గుండె శస్త్రచికిత్స జరుగు వేళ రక్తమునకు వెలుపలనే ప్రాణవాయువు పట్టించు యంత్రము నొకదానిని నిర్మించెను. ఆ రక్తమునకు ప్రాణవాయువు ఎంత పట్టినదో కొలిచి చూపజాలనందున ఒక పత్రిక ఆయన వ్యాసమును త్రిప్పి పంపెనని చెప్పుదురు. ఆ లోపమును పూరింపబూని ఆయన ప్లాటినము కొన నొకదానిని, వెండి తీగ నొకదానిని ఉప్పునీటి ద్రావణములో నిలిపి, వానిపై ప్రాణవాయువు మాత్రమే దూరగల పలుచని పాలిథిన్ పొరను కప్పెను. స్వల్పమైన విద్యుత్తును ప్రసరింపజేయగా, పొర దాటి వచ్చిన ప్రాణవాయువు ప్లాటినము కొనను తాకి అచ్చటనే వ్యయమగుచు, తన పరిమాణమునకు తగినంత విద్యుత్ప్రవాహమును పుట్టించును. ప్రవాహమును కొలిచినచో ప్రాణవాయువును కొలిచినట్లే. 1956లో ప్రకటితమైన ఈ క్లార్క్ ఎలక్ట్రోడు ఆసుపత్రులలో పుట్టి, నదులకును చెరువులకును వ్యాపించినది. నేడు పొరకు మారుగా కాంతిని ప్రసరింపజేసి, ప్రాణవాయువు ఆ వెలుగును ఎంత మందగింపజేసినదో చూచి లెక్కకట్టు కడ్డీలును వచ్చినవి. వానికి పొర మార్చు శ్రమ లేదు.

అదే క్లార్క్, 1962లో లయన్స్ అను సహచరునితో కలిసి, ఆ ఎలక్ట్రోడుపై మరియొక పూత పూయవచ్చునని చెప్పెను. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనునది ఒక ఎంజైము. అది చక్కెరను తాకినపుడు ప్రాణవాయువును తినివేయును. ఎలక్ట్రోడు ముందర ఆ ఎంజైమును నిలిపినచో, ప్రాణవాయువు ఎంత తగ్గినదో దానినిబట్టి చక్కెర ఎంత యున్నదో తెలియును. మధుమేహ రోగుల ఇండ్లలోని గ్లూకోమీటర్లకును, చేతికి అంటించుకొను నేటి బిళ్లలకును ఇదియే బీజము. ఆకివీడు చెరువులో మునిగిన కడ్డీయు, రాజమహేంద్రవరములో మా మేనత్త భుజమున నున్న బిళ్లయు ఒక తల్లి బిడ్డలు.

మా మేనత్త దానవాయిపేటలో నివసించును. డెబ్బది రెండేండ్ల వయస్సు, ఇరువది యేండ్ల మధుమేహము. గత వేసవిలో వైద్యుడు రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దదగు ఒక తెల్లని బిళ్లను ఆమె భుజము వెనుక అంటించెను. దాని అడుగున వెండ్రుకవలె సన్నని, అర సెంటీమీటరు పొడవు గల తీగ యొకటి చర్మము క్రిందికి దిగియుండును. పదునాలుగు దినములు అది కణముల నడుమ నుండు ద్రవములోని చక్కెరను కొలుచుచు ఫోనునకు పంపుచుండును. రక్తములోని చక్కెర ఆ ద్రవమునకు చేరుటకు అయిదు మొదలు పదునైదు నిమిషములు పట్టును. కనుక బిళ్ల చూపునది ఎల్లప్పుడును కొంచెము వెనుకటి మాట. ఈ సంగతి తెలియక బిళ్ల కొలతను రక్తపు కొలతతో పోల్చి, పరికరము చెడినదని అనుకొనువారు పలువురు గలరు.

మూడవనాడు ఆమె నన్ను పిలిచి, “ఒరేయ్ అబ్బాయీ, ఇది చూడు. పూతరేకు తిన్నప్పుడు ఎక్కువవుతుందని తెలుసు. పొద్దున్నే ఏమీ తినకముందు కొండెక్కుతుందేమిట్రా?” అని ఫోను చూపెను. నిజమే. తెల్లవారుజామున నాలుగింటికి మొదలై గీత పైకి లేచుచున్నది. నెలకొకసారి పరీక్షాలయమునకు పోయి రక్తమిచ్చిన ఇరువది యేండ్లలో ఎవరికిని కనబడని సంగతి యది. నిద్ర మేల్కొనుటకు ముందు శరీరము తనంతట తానే చక్కెరను విడుచుట కొందరికి కలుగు లక్షణము. వైద్యుడు రాత్రి మందు వేళను మార్చెను. ఆత్రేయపురము పూతరేకుపై మాత్రము నిషేధము తొలగలేదు. దాని వెంట గీత ఎట్లు లేచినదో ఆమె స్వయముగా చూచినందున మునుపటివలె వాదింపను లేదు. ఇచ్చట నేను గమనించినదేమనగా, ఆమెకు ఉపకరించినది ఏ ఒక్క అంకెయు కాదు, అంకెల వరుస. నిన్నటి తెల్లవారుజామును నేటి తెల్లవారుజాముతో పోల్చుకొను వీలు.

శరీరద్రవములను చూచి రోగమెరుగుట మన దేశమున క్రొత్త గాదు. మూత్రము చుట్టు చీమలు మూగుటను ప్రాచీన వైద్యులు గుర్తించి, తేనెవంటి మూత్రమని మధుమేహమునకు పేరిడిరి. చీమ యొక సెన్సారు, అదియు ఎవరి చర్మమును గ్రుచ్చనిది. అయితే చీమ ఎంత అని చెప్పజాలదు, కలదని మాత్రమే చెప్పును. ఎంత యను ప్రశ్నకు ఉత్తరమిచ్చుటలో మన గోదావరి గడ్డకు ఒక ప్రత్యేకమైన వాటా యున్నది. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున బాల్యవిద్య నభ్యసించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో రంగునుబట్టి తేల్చు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆమ్లము కలిపిన మాలిబ్డేటు ద్రావణము ఫాస్ఫేటుతో కూడి, తగిన పదార్థమును చేర్చగా నీలవర్ణమును పొందును. నీలమెంత గాఢమో భాస్వరమంత అధికము. ఆ సామాన్యమైన నీలిరంగు సాయముననే ఆ ఇరువురును కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవకణముల శక్తికి మూలమగు ఏటీపీని పట్టుకొనిరి. సుబ్బారావు పేరు చెప్పినంతనే ఆయన మందుల సంగతియే చెప్పుట మనకు అలవాటు. నాకు మాత్రము ఆ మందులన్నిటికంటె ముందు నిలిచిన ఈ కొలత పద్ధతి మీదనే మక్కువ ఎక్కువ. ఏలయన నేడు భీమవరము ఆక్వా ల్యాబులలో గాజు గొట్టమున చెరువు నీరు పోసి, చుక్కలు వేసి, రంగు వచ్చిన పిమ్మట అట్టమీది రంగులతో సరిచూచుచున్న ప్రతి కుర్రవాడును, తానెరుగకయే, తన యూరివాని త్రోవలో నడచుచున్నాడు.

ఆ రంగుల కిట్టులలో రైతును ఎక్కువగా భయపెట్టునది అమ్మోనియా. దీనియందొక సూక్ష్మము గలదు. నీటిలోని అమ్మోనియా రెండు రూపముల నుండును. ఒకటి ఇంచుమించు నిరపాయము, రెండవది విషము. ఏది ఎంత యన్నది నీటి పీహెచ్ నిర్ణయించును. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 వద్ద విషరూపము నూటికి ఒక పాలైనను ఉండదు. 8 వద్ద ఏడెనిమిది పాళ్లగును. 9 వద్ద సగమునకు చేరువగును. పగలు ప్లాంక్టన్ విజృంభించిన కొలది పీహెచ్ పెరుగును గనుక, ఉదయమున హానిలేని అమ్మోనియా మధ్యాహ్నము మూడు గంటలకు ప్రాణాంతకము కావచ్చును. చెరువును రోజుకొకసారి కొలిచిన అంకె అబద్ధము కాకపోయినను, చాలనిది.

ఇక చర్మమును గ్రుచ్చకయే రక్తపు సంగతి తెలిసికొను కోరిక యెంత బలీయమైనదో, దాని చరిత్ర అంత నిరాశతో నిండినది. 2001లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన గ్లూకోవాచ్ అను చేతిగడియారము స్వల్ప విద్యుత్తుతో చర్మము గుండా ద్రవమును పైకి లాగి చక్కెరను కొలిచెడిది. చర్మము ఎర్రబడి మండుట మొదలగు బాధలకు జనులు దానిని విడిచిరి. కన్నీటిలో చక్కెరను కొలుచు కాంటాక్ట్ లెన్సును 2014లో గూగుల్ సంస్థ ఆడంబరముగా ప్రకటించెను. కన్నీటి చక్కెర రక్తపు చక్కెరకు నమ్మకముగా సరిపోలుట లేదని 2018లో ఆ ప్రయత్నము నిలిచిపోయెను. చెమటలో చక్కెర రక్తములోని దానికి నూరవ వంతు మాత్రమే. చర్మముపై ముందే అంటియున్నది కాస్త కలిసినను లెక్క తారుమారగును. ఇవన్నియు తెలిసియుండియు, రాజమహేంద్రవరము మెయిన్ రోడ్డు మొదలు ఫోను తెరలవరకు, చుక్క రక్తము లేకయే చక్కెర చెప్పునని చెప్పబడు గడియారములును ఉంగరములును అమ్ముడగుచునే యున్నవి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో అట్టి గడియారమునకు గాని ఉంగరమునకు గాని తాము అనుమతి నొసంగలేదనియు, వానిని నమ్మి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకొన్నచో ప్రాణాపాయమనియు హెచ్చరించెను. ఈ ఒక్క వాక్యమును చదువరులు తమ ఇంటి పెద్దలకు చదివి వినిపింపవలెనని నా ప్రార్థన.

అట్లని చెమట వ్యర్థమని కాదు. 1948 వేసవిలో న్యూయార్కు నగరమున వడగాలులు వీచినపుడు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్య వ్యాధి గల పిల్లలు అందరికంటె ముందుగా సొమ్మసిల్లుట చూచి, పాల్ డి సాంట్ ఆగ్నెసె అను వైద్యుడు వారి చెమటలో ఉప్పు మితిమీరియున్నదని కనుగొనెను. 1959 మొదలుకొని ఆ వ్యాధిని నిర్ణయించు ప్రధాన పరీక్ష, శిశువు చేతిపై కొద్దిపాటి మందుతో చెమట పట్టించి అందలి క్లోరైడును కొలుచుటయే. సూది లేదు, నొప్పి లేదు. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాస్త్రజ్ఞులు వ్యాయామము చేయువాని చెమటలోని సోడియము, పొటాషియము, లాక్టేటు మొదలగు వానిని ఒక్కమారుగా కొలుచు మణికట్టు పట్టీని ప్రకటించిరి. రోహిణీ కార్తె ఎండలో ధాన్యపు బస్తాలు మోయు హమాలీని, వరి నూర్పిడి వేళ కళ్లమున నిలుచు కూలీని చూచినపుడెల్ల నాకా పట్టీ జ్ఞప్తికి వచ్చును. ఆటగాండ్ల కొరకు పుట్టిన ఆ పరికరము, ఒంటిలోని ఉప్పు తరిగిపోవుచున్నదని వీరికి చెప్పగలిగిన దినముననే దాని జన్మ సార్థకమగునని నా అభిప్రాయము.

చర్మమును తాకియు గ్రుచ్చకయే నెగ్గిన పరికరమొకటి మనమందరమును ఎరిగినదే. జపానుకు చెందిన తాకువో అవోయాగి 1970వ దశకమున కనిపెట్టిన పల్స్ ఆక్సీమీటరు, ఎర్రని వెలుగును కంటికి కనబడని పరారుణ కాంతిని వ్రేలి గుండా పంపి, నాడి కొట్టుకొనుచున్న రక్తములో ప్రాణవాయువు పట్టిన పాలెంతయో చెప్పును. కోవిడు దినములలో ఆశా కార్యకర్తల సంచులలో అది గ్రామగ్రామమునకు చేరెను. దానిని కనిపెట్టిన మహనీయుడు 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతయు ఆ చిన్న పరికరమును వెదకుకొనుచున్న దినములలోనే, కన్నుమూసెను. దీనికిని లోపము గలదు. చర్మము నల్లగా నున్నవారిలో అది ప్రాణవాయువును ఉన్నదానికంటె ఎక్కువగా చూపు సందర్భములు హెచ్చని 2020లో అమెరికా ఆసుపత్రులలోని రోగులను పరిశీలించినవారు తేల్చిరి. తొంబదినాలుగు కనబడినదని ధైర్యపడక, ఆయాసమును గూడ చూడుడని మన వైద్యులు చెప్పుటకు ఇదియును ఒక కారణము.

పరిసరముల విషమును ఒంటిపైననే పట్టుకొను ప్రయత్నములును సాగుచున్నవి. శాన్ డియాగోలోని శాస్త్రజ్ఞులు 2017లో ఒక చేతితొడుగును నిర్మించిరి. దాని బొటనవ్రేలితో కాయను గాని ఆకును గాని తుడిచి, ఎంజైము పూసిన చూపుడువ్రేలికి తాకించినచో, ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందు ఉన్నదో లేదో ఫోనులో తెలియును. వీపున స్ప్రేయరు కట్టుకొని వట్టి చేతులతో మందు కలుపు మన కూలీలను చూచినవారికి దీని ఆవశ్యకతను వివరింపనక్కరలేదు.

కాని ఈ ఆశలన్నిటిని ఏలూరు దగ్గర నిలిపి చూడవలెను. 2020 డిసెంబరు 5వ తేదీన, అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైన ఏలూరులో, పిల్లలును పెద్దలును ఉన్నట్టుండి మూర్ఛపోయి, నురుగు కక్కుచు పడిపోసాగిరి. కొద్ది దినములలోనే బాధితుల సంఖ్య అయిదు వందలను దాటెను. తాగునీటి తొలి పరీక్షలలో దోషమేదియు తేలలేదు. వైరసు జాడ లేదు. ఢిల్లీ ఎయిమ్సుకును, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదలగు చోట్లకును నమూనాలు పోయినవి. రోగుల రక్తములో సీసమును నికెలును ఉన్నవని మొదట చెప్పిరి. పిదప నిపుణుల వేలు పురుగుమందుల అవశేషముల వైపు తిరిగినది. ఊరంతటికి సెన్సార్లున్నచో ఈ ఆపద తప్పెడిదా యని నన్ను కొందరు మిత్రులు ప్రశ్నించిరి. నిజము చెప్పవలెనన్న, సెన్సారు తన్నడిగిన ప్రశ్నకు మాత్రమే ఉత్తరమిచ్చును. ప్రాణవాయువు కడ్డీకి సీసము తెలియదు. చక్కెర బిళ్లకు పురుగుమందు తెలియదు. ఏ విషమును వెదకవలెనో తెలియని వేళ పెద్ద ప్రయోగశాలయే శరణ్యము. అయినను ఆ డిసెంబరులో శాస్త్రజ్ఞుల చేతికి దొరకని వస్తువొకటి గలదు. అది, మామూలు దినములలో ఆ ఊరి నీటిలో, ఆ ఊరి కూరలలో, ఆ ఊరి రక్తములో ఏది ఎంత యుండునో తెలుపు లెక్క. రక్తమున సీసము కనబడినది సరే. మొన్న ఎంత యుండెను? ప్రక్క వీథిలో ఆరోగ్యముగా నున్నవానికి ఎంత యున్నది? ఏండ్ల తరబడి విసుగు లేక వ్రాసిపెట్టిన అంకెలు మాత్రమే ఈ ప్రశ్నలకు ఉత్తరమీయగలవు. కాలువలకును లాకులకును నీటిమట్టపు కొలరాతిని నాటి, దినదినమును ఆ మట్టమును పుస్తకమున నెక్కించు అలవాటు మన డెల్టాలో కాటన్ దొర ఆనకట్టతోపాటు వేళ్లూనినదే. ఆ కాలువ నీటిలోని రసాయనములకు మాత్రము అట్టి దినచర్య నేటికిని ప్రతి ఊర లేదు. పరికరములు చౌకయగుచున్న ఈ కాలమున, మొదట సమకూర్చుకొనదగినది అదియేనని నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఆ తెల్లవారుజామున ఏరేటర్లు తిరిగిన గంటకు రైతు మరల కడ్డీ దింపగా 4.3 చూపెను. తూర్పున ఎరుపు దేరుచుండెను. అతడు కడ్డీని పైకి తీసి, సీసాలోని మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, తడి స్పాంజి గల మూతను బిగించెను. పొర ఎండినచో అంకె తప్పునట, నాచు పట్టినచో తక్కువ చూపునట. “వారానికోసారి గాల్లో పెట్టి సరిచూసుకోవాలండి. లేకపోతే ఇది అబద్ధం చెప్పుద్ది, మనం నమ్మేస్తాం” అనెను. పిదప షెడ్డులోనికి నన్ను తోడ్కొనిపోయి, మేకునకు వ్రేలాడుచున్న పొడుగాటి నోటుపుస్తకమును తెచ్చి తెరచెను. తేదీ, డీవో, పీహెచ్, వేసిన మేత, ఆకాశము ఎట్లున్నది. పేజీ వెనుక పేజీ, మూడు పంటల లెక్క. నడుమ ఒకచోట నీరు పడి సిరా అలుకుకొనిపోయినది. అది తుపాను వచ్చిన వారమట. అతడు చెవి వెనుక నుండి పెన్ను తీసి, ఆ దినపు గడిలో 3.4 అని వ్రాసి, ప్రక్కన “గాలి లేదు” అని చేర్చెను.